వంద ఉండగా ‘నూట’ ఎందుకు?

అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లె. మూడో తరగతి చదివే మా మనవరాలికి వంద దాటితే లెక్క తడబడుతోంది. నూట ఐదు రాయమంటే 1005 అని రాస్తోంది. చెవికి ఎలా వినబడితే అలా రాసింది పాపం, ముందు వంద, దాని పక్కన ఐదు.

అందుకే పేకముక్కలు తీశాను. పదులు, జాకీలు, రాణులు, రాజులు పక్కన పెట్టేసి ఆసు నుంచి తొమ్మిది దాకా ఉంచాం. సున్నాకి జోకరు. అరుగు మీద సుద్దతో మూడు గళ్లు గీసి వందల ఇల్లు, పదుల ఇల్లు, ఒకట్ల ఇల్లు అని పేర్లు పెట్టాం. ముక్క ఎత్తగానే ఏదో ఒక ఇంట్లో పెట్టేయాలి, పెట్టాక కదపకూడదు. పెద్ద సంఖ్య వచ్చినవాళ్లదే ఆట, కానీ దాన్ని పైకి సరిగ్గా చదవాలి.

నిన్న దానికి మొదట ఆసు వచ్చింది. తొందరపడి వందల ఇంట్లో పెట్టేసింది. తర్వాత జోకరు, ఐదు. “వంద ఐదు” అని చదివింది. “నూట ఐదు” అని దిద్దాను. “మరి 205ని రెండు నూట్ల ఐదు అనమేం మామ్మా?” అంది. నాకు జవాబు తోచలేదు. తెలిసినవాళ్లు చెప్పరూ?

— నూట అంటే నూరేనమ్మా. ఏరు ‘ఏటి ఒడ్డు’లో, నోరు ‘నోటి మాట’లో మారినట్టే నూరు కూడా మారుతుంది. ఆ ‘టి’ని వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు. ‘నూటికి నూరు’లో రెండు రూపాలూ పక్కపక్కనే ఉన్నాయి చూడండి. పాత తెలుగులో 200ని ఇన్నూరు, 300ని మున్నూరు అనేవారు. వాడుకలో అక్కడ వంద వచ్చి కూర్చుంది, 101 నుంచి 199 దాకా మాత్రం నూరు నిలబడింది. మీ మనవరాలు అడిగింది తప్పేం కాదు, ఇన్నూరుకి దగ్గరగానే వచ్చింది.

— మాది రాజోలు వైపండీ. కొబ్బరికాయల దింపు అయ్యాక మా నాన్నగారు కాయలు లెక్కపెడుతూ, వంద అయినప్పుడల్లా ఒక కాయ పక్కన పెట్టేవారు. పక్కన ఏడు కాయలుండి, చివర్లో ఇరవై మూడు మిగిలితే ఏడువందల ఇరవై మూడు. అదీ మామూలు కొబ్బరికాయే, చోటు మారేసరికి వందకి గుర్తయిపోయేది. పిల్లలకి ‘స్థాన విలువ’ కంటే మీరన్న ‘ఇల్లు’ తొందరగా ఎక్కుతుంది. నాలుగోది వేల ఇల్లు గీసి, మూడు ఆసులూ ఒక ఆరూ వరసగా పెట్టి చదివించండి.

— పెట్టానండీ. “వెయ్యిన్నూట పదహారు! పెళ్లిలో చదివింపులు!” అని అరిచింది. ఏ ఆసు ఎంతో చెప్పమన్నాను. మొదటిదాని మీద వేలు పెట్టి వెయ్యి అంది, రెండోదాని మీద నూట అంది. మూడోదాని దగ్గర ఆగిపోయింది. “పదహారు” అని నెమ్మదిగా రెండుసార్లు అనుకుని, “పది... ఆరు” అని విడదీసి, ఆ ఆసుని పది అంది. ఇప్పుడు పదకొండులో పది వినబడుతోంది గానీ ఒకటి ఏదని అడుగుతోంది. దానికీ జవాబు చెప్పండి, రాత్రి ఆటకి కూర్చునేలోపు కావాలి.