అప్‌డేట్: తాతయ్య రివాల్వర్ సంగతి

కావలిలో మా తాతయ్య పోయాక బీరువాలో దొరికిన పాత వెబ్లీ రివాల్వర్‌ని ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదా. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచితే నేరమని మీరు చెప్పాక ఒకటే టెన్షన్. చేత్తో పట్టుకెళ్లొద్దు, ముందు స్టేషన్‌కి ఫోన్ చెయ్యి అని ఇక్కడ చెప్పిన అన్నకు దండం. ఎస్సై గారే వచ్చి తీసుకెళ్లారు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ కింద స్టేషన్‌లో డిపాజిట్, చేతికి రసీదు.

బాబాయికి ఇప్పటికే రెండు తుపాకులున్నాయి. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండుకు మించి కుదరదు. అందుకే వారసుడిగా నా పేరున లైసెన్సుకి నెల్లూరు కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టాం. అమ్మేయమంటోంది అమ్మ. నాకు మనసొప్పడం లేదు. తాతయ్య బొటనవేలు ఆనేచోట పిడి నున్నగా అరిగిపోయింది, అది ఇంకొకరికి ఎలా ఇస్తాను? లైసెన్సు కోసం పోలీసు విచారణ ఇంకా జరగాలి.