సమ్మర్ అసోసియేట్‌ని తెలుగులో ఏమనాలి?

విజయవాడ టీచరమ్మ:
అందరికీ నమస్కారం. ఒక మాట గురించి సాయం కావాలండి. మా చెల్లెలి కూతురు న్యూయార్క్‌లో లా చదువుతోంది, రెండో ఏడు అయిపోవస్తోంది, వచ్చే నెల నుంచి అక్కడే ఓ పెద్ద లా ఫర్మ్‌లో సమ్మర్ అసోసియేట్‌గా చేరుతోందట. మా స్కూలు పాత విద్యార్థుల పత్రికలో దాని గురించి నాలుగు లైన్లు రాయమన్నారు, అది మా స్కూలు పిల్లే మరి. నేను "వేసవి సహచరి" అని రాసి మావారికి చూపిస్తే ఇదేదో వారపత్రిక సీరియల్ పేరులా ఉందే అని ఒకటే నవ్వు. అసలు ఆ ఉద్యోగం ఏంటో నాకూ సరిగ్గా తెలీదు. దాన్నడిగితే "ఇంటర్న్‌షిప్ లాంటిదే పెద్దమ్మా" అని ఫోన్ పెట్టేసింది. మంచి మాట చెప్పండి.

పద్యాల మాష్టారు:
"గ్రీష్మకాల సహన్యాయవాది" అనండమ్మా. అర్థం ఎక్కడా చెడదు, పలకడానికీ నిండుగా ఉంటుంది.

గుంటూరు వకీలు:
మాష్టారూ నిండుగానే ఉంది కానీ ఆ అమ్మాయికి ఇంకా సనదు, అంటే వకీలుగా లైసెన్స్, రాలేదు కదండీ, చదువే పూర్తి కాలేదు, న్యాయవాది అని ఎలా రాస్తారు. మా దగ్గర అసోసియేట్ అనే మాటే వాడం, జూనియర్ అంటాం, ఫలానా సీనియర్ గారి దగ్గర జూనియర్‌ని అంటే సరిపోతుంది. ఇంకో తమాషా ఏంటంటే మనకి ఎండాకాలం అంటే కోర్టులకి సెలవులు, మే నెల వచ్చిందంటే జూనియర్లు ఊళ్ళకి పోయి మామిడికాయలు తింటుంటారు, వాళ్ళకేమో సరిగ్గా అప్పుడే పని మొదలా? జీతం సంగతి కూడా చెప్పండెవరైనా. మా ఏపీలో 2019లో లా నేస్తం అని కొత్త జూనియర్లకి నెలకి 5,000 ఇవ్వడం మొదలెడితే అదే మహాభాగ్యం అనుకున్నారు కుర్రాళ్ళు.

న్యూజెర్సీ మెంబర్:
టీచర్ గారూ, నేను ఆ దారిలోనే వచ్చానండి, నది దాటి మన్‌హాటన్‌లో పనిచేస్తాను, ఇప్పుడు మా దగ్గరికి ప్రతి ఏడూ వచ్చే ఈ పిల్లలకి పని ఇచ్చేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మాట తర్వాత వెతుక్కుందాం, ముందు పనేంటో చెప్తాను, అది తెలిస్తే మాట అదే దొరుకుతుంది.

ఇక్కడ లా అంటే డిగ్రీ అయ్యాక 3 ఏళ్ళ జేడీ. మొదటి ఏడుని 1ఎల్, తర్వాత 2ఎల్, 3ఎల్ అంటారు. 2ఎల్ అయ్యాక వచ్చే ఎండాకాలంలో 10 వారాలు పెద్ద ఫర్మ్‌లో చేసేదే సమ్మర్ అసోసియేట్. ఇంటర్న్‌షిప్ అని మీ అమ్మాయి తేలిగ్గా చెప్పింది గానీ ఫర్మ్ దృష్టిలో ఇది ఉద్యోగంలోకి తీసుకోవడమే, ఈ 10 వారాలు బాగా గడిస్తే చివర్లో ఆఫర్ చేతిలో పెడతారు, చదువయ్యాక వచ్చి చేరడమే. పెద్ద ఫర్మ్‌లు కొత్తవాళ్ళలో ఎక్కువమందిని ఈ గుమ్మంలోంచే లోపలికి తీసుకుంటాయి. అందుకే అసలు పోటీ అంతా ముందే అయిపోతుంది. ఒకప్పుడు 2ఎల్ మొదలయ్యే ముందు ఆగస్టులో కాలేజీకొచ్చి ఇంటర్వ్యూలు చేసేవాళ్ళు, ఇప్పుడు చాలా ఫర్మ్‌లు అంతకన్నా ముందే, 1ఎల్ ఇంకా పూర్తవకముందే మొదలుపెడుతున్నాయి. అంటే మొదటి సెమిస్టర్ మార్కులు చూసి ఏడాది తర్వాతి ఎండాకాలానికి మనిషిని ఎంచుకుంటున్నారన్నమాట. ఇది నాకు నచ్చదు, కాలేజీలో కుదురుకోడానికి టైం పట్టే పిల్లలు, ముఖ్యంగా ఇంట్లో లాయర్లెవరూ లేని మనలాంటి వాళ్ళ పిల్లలు, దీనివల్ల నష్టపోతారు. మీ అమ్మాయి ఆ గట్టు దాటేసింది కాబట్టి ఇక దిగులు లేదు.

వకీలు గారూ జీతం అడిగారు. మొదటి ఏడు అసోసియేట్‌కి (అంటే చదువయ్యి చేరిన కొత్త లాయర్‌కి) ఎంతిస్తారో దాన్నే వారాల లెక్కన ఇస్తారు. న్యూయార్క్ పెద్ద ఫర్మ్‌లలో 2023 చివర్లో అది ఏడాదికి 2,25,000 డాలర్లు అయ్యింది, అంటే వారానికి 4,300 పైచిలుకు, పన్నులు పోకముందు. దీన్ని క్రవాత్ అనే ఫర్మ్ పేరు మీద క్రవాత్ స్కేల్ అంటారు, ఒక ఫర్మ్ పెంచితే వారం పది రోజుల్లో మిగతావన్నీ పెంచేస్తాయి, ఒకళ్ళని చూసి ఒకళ్ళు. మీ 5,000 మాట చదివి కడుపు తరుక్కుపోయిందండీ, కానీ ఇక్కడ ఈ చదువు కోసం పిల్లలు చేసే అప్పు కూడా లక్షల డాలర్లలోనే ఉంటుంది, అదీ లెక్కలో వేసుకోండి.

గుంటూరు వకీలు:
వారానికి 4,300 డాలర్లా! ఇంకా సనదు లేని పిల్లలకి! మరి అంత డబ్బిచ్చి ఏం పని చేయిస్తారమ్మా, డ్రాఫ్టింగా?

న్యూజెర్సీ మెంబర్:
ఎక్కువగా రీసెర్చ్ మెమోలు, ఒప్పందాల్లో మార్పులు సరిచూడటం, కంపెనీ కొనుగోళ్ళలో కాగితాల గుట్టలు చదివి ఏ క్లాజులో ఏముందో పట్టిక వేయడం, ఫీజు లేకుండా చేసే ప్రో బోనో కేసు ఒకటి. ఎవరో డిపోజిషన్‌కి, అంటే కోర్టు బయట సాక్షిని ప్రశ్నించడానికి, వెళ్తుంటే పక్కన కూర్చుని చూడటం కూడా ఉంటుంది. కొన్ని ఫర్మ్‌లలో డిపార్ట్‌మెంట్లు మారుస్తూ తిప్పుతారు, కొన్నిట్లో పని పంచడానికి ఒక మనిషి ఉంటారు.

ఒక పని ఎలా వస్తుందో చెప్తా చూడండి. పార్ట్‌నర్, అంటే ఫర్మ్‌లో వాటా ఉన్న సీనియర్ లాయర్, కారిడార్‌లో నడుస్తూ "డెలావేర్ రాష్ట్రంలో కంపెనీ బోర్డు ఇలా చేయొచ్చా, చిన్న మెమో రాసి పెట్టు" అని లిఫ్ట్ ఎక్కేస్తాడు. పిల్ల ఆ ఒక్క వాక్యం పట్టుకుని 3 రోజులు కూర్చుని 18 పేజీలు రాసుకొస్తుంది, ఆయనకేమో ఆ సాయంత్రం క్లయింట్‌తో ఫోన్‌లో చెప్పడానికి అర పేజీ కావాలి. ఈ కథ ఏటా జరుగుతుంది, మనుషులు మారతారంతే. అందుకే మీ అమ్మాయికి చెప్పండి, పని తీసుకునేటప్పుడు నోట్‌బుక్ పెన్ను లేకుండా వెళ్ళొద్దు, ఎప్పటికి కావాలి, ఎంత పొడుగు కావాలి, ఏ రాష్ట్రం చట్టం, సుమారు ఎన్ని గంటలు పెట్టమంటారు, క్లయింట్ నంబర్ ఏంటి, ఇవన్నీ అక్కడే అడిగేయాలి. మన పిల్లలకి ఇది కష్టం, పెద్దవాళ్ళని తిరిగి ప్రశ్న అడిగితే ఎదురు చెప్పినట్టు అనుకుంటారు, అర్థం కాకపోయినా సరే సార్ అని తలూపి వచ్చేస్తారు. ఇక్కడ అడగనివాళ్ళ మీదే అనుమానం.

ఆ క్లయింట్ నంబర్ ఎందుకంటే టైం రాయాలి. రోజంతా చేసినదాన్ని 6 నిమిషాల ముక్కలుగా రాస్తారు, 0.1 అంటే 6 నిమిషాలు, 24 నిమిషాలు ఫోన్‌లో ఉంటే 0.4. సమ్మర్ వాళ్ళ గంటలని చాలా చోట్ల క్లయింట్ బిల్లులోంచి తీసేస్తారు, అయినా రాయడం మాత్రం అలవాటు చేస్తారు. ఏ రోజుది ఆ రోజే రాసుకోవాలి, శుక్రవారం కూర్చుని సోమవారం ఏం చేశానా అని గుర్తు తెచ్చుకుంటే సగం గంటలు గాలికి పోతాయి.

ఇంకోటి, రాసిన మెమోలో ప్రతి కేసూ తను స్వయంగా తెరిచి చదివి ఉండాలి, వెస్ట్‌లా అనే కేసుల డేటాబేస్‌లో దాని పక్కన ఎర్ర జెండా ఉందేమో చూసుకోవాలి, ఉంటే ఆ తీర్పులో కనీసం ఒక అంశమైనా ఇప్పుడు చెల్లదని అర్థం, అది ఏ అంశమో చూడకుండా వాడకూడదు. 2023లో ఇదే మన్‌హాటన్ ఫెడరల్ కోర్టులో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని కేసులని ఉన్నట్టు దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. అప్పట్నుంచి మా దగ్గర ఈ విషయం మీద ఎవరూ జోకులెయ్యట్లేదు.

పద్యాల మాష్టారు:
అయితే "శిక్షణార్థి" అనవచ్చునే?

న్యూజెర్సీ మెంబర్:
శిక్షణార్థి అంటే నాకు ఆర్టీసీ అప్రెంటిస్ గుర్తొస్తున్నాడు మాష్టారూ. పైగా శిక్షణ ఇందులో సగమే. మిగతా సగం మర్యాదలు. రోజూ ఎవరో ఒకరు లంచ్‌కి తీసుకెళ్తారు, బేస్‌బాల్ మ్యాచ్‌లు, వంట క్లాసులు, పడవ షికార్లు, ఏదో ఒక పార్ట్‌నర్ ఇంట్లో పార్టీ. అచ్చం పండక్కొచ్చిన కొత్తల్లుడి వైభోగమే. అల్లుడు గారు ఎంత తిన్నారు, ఏం మాట్లాడారు, పనిమనిషితో ఎలా ఉన్నారు అని వంటింట్లో చర్చ నడుస్తూనే ఉంటుంది కదా, ఇక్కడా అంతే. సెక్రటరీతో, పారాలీగల్‌తో, రిక్రూటింగ్ ఆఫీసులో అమ్మాయిలతో విసురుగా మాట్లాడినవాళ్ళ సంగతి సాయంత్రానికల్లా చేరాల్సిన చోటికి చేరుతుంది. తాగే పిల్లలైతే ఒకటితో ఆపాలి, తాగకపోతే సోడా పట్టుకుని నిలబడితే ఎవరూ పట్టించుకోరు. మాంసం తినకపోతే మొదటి వారమే రిక్రూటింగ్ వాళ్ళకి ఒక మెయిల్ పెట్టేస్తే చాలు, లేకపోతే 10 వారాలూ సలాడే గతి.

మెయిల్ అంటే గుర్తొచ్చింది. 2003లో న్యూయార్క్‌లో ఒక పెద్ద ఫర్మ్‌లో ఒక సమ్మర్ కుర్రాడు, ఇక్కడ పనీపాటా లేదు, 2 గంటలు సుషీ లంచ్ చేసి వచ్చాను అని స్నేహితుడికి రాసిన మెయిల్ పొరపాట్న ఒక డిపార్ట్‌మెంట్ మొత్తానికి పోయింది, అందులో పార్ట్‌నర్లు బోలెడుమంది. ఆ రోజుల్లో వాట్సాప్ లేకపోయినా అది ఊరూ వాడా తిరిగింది. ఇప్పటికీ ఓరియెంటేషన్‌లో పేరు చెప్పకుండా ఆ కథ చెప్తారు.

హైదరాబాద్ లా స్టూడెంట్:
అక్కా నేను ఇక్కడ ఫోర్త్ ఇయర్. మాకు కూడా ముంబై, ఢిల్లీ ఫర్మ్‌లల్ల అసెస్‌మెంట్ ఇంటర్న్‌షిప్ ఉంటది, మంచిగ చేస్తే పీపీవో, అంటే చదువు కాకముందే ఉద్యోగం ఆఫర్, ఇస్తరు. గదే కదా ఇది? ఇంగో డౌట్, అక్కడ ఆఫర్ రాకుంటే పరిస్థితేంది, ఎంతమందికి రాదు?

న్యూజెర్సీ మెంబర్:
అవును తమ్ముడూ, మీ పీపీవోకి దగ్గర చుట్టమే. ఇంగ్లాండ్‌లో దీన్నే వెకేషన్ స్కీమ్ అంటారు, అది 2, 3 వారాలే ఉంటుంది, డబ్బూ ఇంత ఉండదు. తేడా ఏంటంటే మీ దగ్గర ఇంటర్న్‌షిప్‌లోనే వడపోత జరుగుతుంది, ఇక్కడ వడపోత ముందే అయిపోయి ఆ తర్వాత దాదాపు అందరినీ ఉంచుకోవాలనే చూస్తారు. లా ఉద్యోగాల లెక్కలు కట్టే నాల్ప్ అనే సంస్థ ఉంది, వాళ్ళ ప్రకారం ఈమధ్య ఏళ్ళలో సమ్మర్ చేసినవాళ్ళలో 95 శాతం పైనే ఆఫర్ వస్తోంది. కానీ 2009లో ఆర్థిక మాంద్యం దెబ్బకి అది 69 శాతానికి పడింది, బాగా చేసినవాళ్ళు కూడా ఉత్త చేతులతో కాలేజీకి తిరిగెళ్ళారు, ఎందుకు రాలేదని ప్రతి ఇంటర్వ్యూలో చెప్పుకోవాల్సొచ్చింది. 2020లో కోవిడ్‌కి చాలా ఫర్మ్‌లు 10 వారాలని 5, 6 చేసి జూమ్‌లో నడిపించాయి. కాబట్టి ఇది పిల్లల తెలివికి ఎంత పరీక్షో బజారు పరిస్థితికీ అంతే పరీక్ష, ఆఫర్ రాలేదంటే మొద్దు అని అర్థం కాదు, వస్తే మేధావి అనీ కాదు.

మామూలు ఏడాదిలో ఆఫర్ పోగొట్టుకునేవాళ్ళు చట్టం తెలీక పోగొట్టుకోరు. చెప్పిన టైంకి పని ఇవ్వకపోవడం, ఇవ్వలేనని ముందు చెప్పకపోవడం, క్లయింట్ పేరు రైల్లో గట్టిగా మాట్లాడటం, పార్టీలో హద్దు దాటడం, ఇవీ కారణాలు. మధ్యలో 5 వారాలకి ఒకసారి కూర్చోబెట్టి ఎలా చేస్తున్నావో చెప్తారు, అక్కడ "మెమోలో మొదటే జవాబు రాయి" అన్నారనుకో, తర్వాతి మెమోలో మొదటి వాక్యమే జవాబు అయ్యుండాలి. చూసేది అదే, చెప్తే మారుతుందా లేదా అని.

హైదరాబాద్ లా స్టూడెంట్:
మరి నేను ఇక్కడ ఎల్ఎల్‌బీ చేసి అక్కడ ఎల్ఎల్ఎం చేస్తే సమ్మర్ అసోసియేట్ అయితనా?

న్యూజెర్సీ మెంబర్:
కష్టం తమ్ముడూ. ఎల్ఎల్ఎం ఒక్క ఏడాదే, మధ్యలో ఎండాకాలమే రాదు. ఈ ప్రోగ్రామ్ జేడీ వాళ్ళ కోసం కట్టింది, ఎల్ఎల్ఎం వాళ్ళకి విడిగా ఇంటర్వ్యూ మేళాలు ఉంటాయి, సీట్లు బాగా తక్కువ. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద జేడీ చేసేవాళ్ళు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి, సమ్మర్‌కి సీపీటీ (చదువుతూ పనిచేయడానికి అనుమతి) ముందే కాలేజీలో మాట్లాడి పెట్టుకోవాలి, తర్వాత ఓపీటీ (చదువయ్యాక పనిచేయడానికి అనుమతి) 12 నెలలే, ఇంజనీరింగ్ వాళ్ళకొచ్చే అదనపు 24 నెలలు జేడీకి రావు. మన కజిన్స్‌ని చూసి 3 ఏళ్ళు ఉంటుందని అనుకోవద్దు.

గుంటూరు వకీలు:
ఇంత విన్నాక నా ఓటు "సమ్మర్ జూనియర్"కే. రెండూ మన నోట్లో ఆడే మాటలే. సనదు ఉందని అబద్ధం చెప్పినట్టూ ఉండదు, పెద్దల కింద పని నేర్చుకుంటూ లెక్కలో ఉన్న మనిషి అనీ తెలుస్తుంది.

పద్యాల మాష్టారు:
సమ్మర్ బదులు కనీసం "వేసంగి" పెట్టండి. వేసంగి జూనియర్.

విజయవాడ టీచరమ్మ:
వేసంగి అంటే మా నాన్నగారు వేసంగి పంట అనేవారు మాష్టారూ, పిల్ల లా చదువుతోందా వ్యవసాయమా అంటారు జనం. "సమ్మర్ జూనియర్" అనే రాసి, కింద "న్యాయవాద సంస్థలో 10 వారాల ఉద్యోగం, నచ్చితే చదువయ్యాక అక్కడే తీసుకుంటారు" అని ఒక లైను వేస్తాను. అందరికీ ధన్యవాదాలు. న్యూజెర్సీ అమ్మా, ఒక్కటి అడగనా, ఇది భాషకి సంబంధించింది కాదు, అడ్మిన్ గారు ఏమనుకోకండి. ఆఫర్ వచ్చేస్తే వచ్చే ఏడాది చదువు అయిపోగానే జూన్‌లో ముహూర్తం పెట్టుకోవచ్చా? మంచి సంబంధం ఒకటి ఉంది.

న్యూజెర్సీ మెంబర్:
టీచర్ గారూ జూన్ వద్దు! మేలో పట్టా వచ్చిన మర్నాటి నుంచి బార్ పరీక్షకి చదవాలి, పరీక్ష జూలై ఆఖరి వారంలో 2 రోజులు. అది పాసైతేనే ఇన్నాళ్ళ కష్టానికి లైసెన్స్. ఆగస్టు, సెప్టెంబర్‌లో ఎప్పుడైనా పెట్టుకోండి, ఉద్యోగంలో చేరేది ఎలాగూ ఆ తర్వాతే. శ్రావణం ఎప్పుడొస్తుందో పంచాంగం మీరే చూడాలి. ఇంకోటి, ముందు అమ్మాయిని అడగండి.