అంకెలు ఒప్పజెబుతుంది, వస్తువులు లెక్కపెట్టలేదు: నాలుగేళ్ల పాపకు ఏ ఆటలు మంచివి?

ప్రశ్న (పాప తల్లి):
నమస్కారం. మా పాపకు ఈమధ్యే నాలుగేళ్లు నిండాయి. ఒకటి నుంచి ఇరవై వరకు తడుముకోకుండా ఒప్పజెబుతుంది గానీ, "ఐదు చింతపిక్కలు ఇవ్వమ్మా" అంటే గుప్పెడు తీసి నా చేతిలో పోస్తుంది. పలక ముందు కూర్చోబెడితే కాసేపటికే లేచిపోతోంది. బొమ్మలు కొనకుండా ఇంట్లో ఉన్నవాటితోనే ఆడించదగిన లెక్కల ఆటలు ఏమున్నాయో, వాటిలో దేనితో మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

సమాధానం (పూర్వ ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయురాలు):
ఆ వయసుకు ఇది సహజమేనండీ. అంకెల పేర్లను వరుసగా పలకడం ఒక విద్య, ఒక్కో వస్తువును తాకుతూ ఒక్కో అంకె చెప్పడం మరొకటి, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో తెలుపుతుందని గ్రహించడం మూడోది. చాలామంది పిల్లలు ముందు ఒకటి, తర్వాత రెండు, ఆపైన మూడు అంటే ఎంతో విడివిడిగా, నెలల తరబడి పట్టుకుంటూ ఆ మూడో మెట్టుకు చేరుతారు. అందువల్ల ఐదును కొన్నాళ్లు పక్కన పెట్టి, రెండు, మూడు వస్తువులే అడగండి.

భోజనాల వేళ మనిషికొకటి చొప్పున కంచాలు ఆమె చేతే పెట్టించండి. ఎవరి ముందైనా కంచం లేకపోతే అది ఆమెకే కనిపిస్తుంది కాబట్టి మీరు దిద్దవలసిన పని ఉండదు. ఇది కుదిరాక వామన గుంటలు ఆడించవచ్చు. అసలు ఆటలో రెండు వరుసల్లో ఏడేసి చొప్పున 14 గుంటలుంటాయి గానీ, మీకు కోడిగుడ్ల అట్టలోంచి కత్తిరించిన ఆరు గుంటల ముక్క చాలు. గుంటకొక పిక్క వేయిస్తూ, చేతిలో ఉన్నవాటిలో చివరిది ఎక్కడ పడుతుందో ముందే చెప్పమనండి. గెలుపోటముల నియమాలు ఇప్పుడే అవసరం లేదు.

సమాధానం (ఇద్దరు పిల్లల తండ్రి):
పై సలహాతో ఏకీభవిస్తూనే, గళ్ల ఆటను కూడా చేర్చమంటాను. సుద్దముక్కతో నేల మీద పది గళ్లు ఒకే వరుసలో గీసి, ఎడమ నుంచి కుడికి ఒకటి నుంచి పది వరకు అంకెలు వేయండి. నాణెం ఎగరేసి బొమ్మ పడితే ఒక గడి, బొరుసు పడితే రెండు గళ్లు ముందుకు జరగాలి. సీగ్లర్, రమణి అనే పరిశోధకులు 2008లో అమెరికాలోని పేద కుటుంబాల పిల్లల చేత దాదాపు ఇలాంటి ఆటనే రెండు వారాల్లో నాలుగు విడతలుగా, విడతకు 15 నుంచి 20 నిమిషాలు ఆడించగా, వారి సంఖ్యా పరిజ్ఞానం మెరుగుపడింది. అంకెలకు బదులు రంగుల గళ్లతో ఆడినవారిలో ఆ మెరుగు రాలేదు. ఒక్క జాగ్రత్త పాటించాలి: నాలుగో గడి నుంచి రెండు గళ్లు జరిగేటప్పుడు "ఒకటి, రెండు" అని కాక, గళ్లలోని అంకెలనే "ఐదు, ఆరు" అని పలికించాలి. మా ఇంట్లో పిల్లలకన్నా పెద్దలకే ఇది అలవాటు కావడం ఆలస్యమైంది.

ప్రశ్న (పాప తల్లి):
ఇద్దరికీ ధన్యవాదాలు. మా అత్తయ్యగారు అష్టా చెమ్మా కూడా నేర్పుతానంటున్నారు. గవ్వలు లేవు గానీ, డబ్బాలో గురివింద గింజలున్నాయి. లెక్కించడానికి వాటిని వాడవచ్చా?

సమాధానం (పూర్వ ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయురాలు):
గురివింద గింజలు దయచేసి వద్దు. చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నా అవి తీవ్రమైన విషం, పిల్లలు నమిలితే ప్రాణానికే ప్రమాదం. ఆ డబ్బాను పాపకు అందని చోట పెట్టడం కాదు, ఇంట్లోనే ఉంచకండి. గవ్వలకు బదులు నాలుగు చింతపిక్కలను గచ్చు మీద ఒకవైపు అరగదీస్తే తెల్లటి పప్పు బయటపడుతుంది. పూర్వం పందేనికి వాటినే వేసేవారు. అవి వేసినప్పుడు తెల్లవి ఎన్ని, నల్లవి ఎన్ని అని అడుగుతూ ఉంటే, నాలుగంటే మూడూ ఒకటీ అనీ, రెండూ రెండూ అనీ కూడిక పేరెత్తకుండానే తెలిసివస్తుంది. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం చింతపిక్కలు కూడా ముక్కులోకో గొంతులోకో పోవచ్చు కనుక, నోట్లో పట్టనంత పెద్ద వస్తువులతో, మీ ఎదుటే ఆడించండి.