నెల రోజుల సైట్ డ్యూటీ: తిండి, ప్రయాణ ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

కొత్త_ఇంజనీర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఉద్యోగంలో చేరాక మొదటిసారి నన్ను ఒంటరిగా వేరే ఊరు పంపుతున్నారు. క్లయింట్ ఫ్యాక్టరీలో మెషీన్ బిగించి, ట్రయల్ నడిపి, వాళ్ల ఆపరేటర్లకు నేర్పించి రావాలి. దాదాపు నెల పని.

మా కంపెనీ పద్ధతి ఇది. తిండికి రోజుకింత అని డీఏ ఇస్తారు, దానికి బిల్లులు అక్కర్లేదు, మిగిలితే నాదే. లోకల్ ప్రయాణానికి బిల్లులు పెట్టాలి. దానికి రోజువారీ లిమిట్ ఉంది, దాటితే నా జేబులోంచే. రూమ్ నన్నే చూసుకోమన్నారు, లిమిట్ లోపల ఎంతైనా ఇస్తారు. అడ్వాన్స్ కొంతే ఇస్తున్నారు, మిగతాది తిరిగొచ్చి క్లెయిమ్ పెట్టాక వస్తుంది.

రెండు రూములు చూసి పెట్టుకున్నా. ఒకటి ఫ్యాక్టరీకి నడిచి వెళ్లేంత దగ్గర, అద్దె సరిగ్గా లిమిట్ అంచున ఉంది. రెండోది స్టేషన్ దగ్గర. అద్దె బాగా తక్కువ, కానీ ఫ్యాక్టరీకి ఒకవైపే గంట పడుతుంది. మా సీనియర్ రెండోదే తీసుకోమంటున్నారు.

ఇంట్లో చెల్లి కాలేజీ ఫీజు కట్టాలి. డీఏలో మిగిలినంత ఇంటికి పంపాలని నా ఆలోచన. మధ్యాహ్నం గట్టిగా తిని, రాత్రి మానేస్తే ఎలా ఉంటుంది? ఇలాంటి టూర్లు చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

టూర్_ఆడిట్_అక్క:

తమ్ముడూ, ముందు రాత్రి భోజనం మానేసే ఆలోచన వదిలెయ్. నీది తిరిగే మెషీన్ల దగ్గర పని. ఖాళీ కడుపుతో, నిద్ర చాలక అక్కడ నిలబడకూడదు. పైగా కడుపు మాడ్చుకుని మిగిల్చిన డబ్బు ఉండదు. రాత్రి పదింటికి ఆకలికి తట్టుకోలేక ఫోన్‌లో ఆర్డర్ పెడతావు. డెలివరీ చార్జీ, ప్యాకింగ్ చార్జీ కలిపి ఆ ఒక్క ఆర్డరే రెండు పూటల ఖర్చు అవుతుంది. మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు దాదాపు అందరూ ఇలాగే చేస్తారు, నేను చూస్తూనే ఉంటాను.

రూమ్ విషయంలో నా ఓటు దగ్గరదానికే. నేను ఆడిట్ పని మీద ఏళ్ల తరబడి ఊళ్లు తిరుగుతున్నా. నాకు అర్థమైంది ఏంటంటే, తిండి ఖర్చునీ ప్రయాణ ఖర్చునీ రెండింటినీ నిర్ణయించేది మనం ఎక్కడ పడుకుంటున్నాం అన్నదే. లెక్క చూడు. రోజుకి రెండు గంటలు రోడ్డు మీద, నెలకి 26 పని దినాలు అనుకుంటే 52 గంటలు. ఆ గంటలు ఊరికే పోవు. పొద్దున టిఫిన్ రూమ్‌లో తినే టైమ్ ఉండదు కాబట్టి బయట కొంటావు. సాయంత్రం అలసిపోయి వస్తావు కాబట్టి కళ్లకు కనబడిన మొదటి హోటల్లోకి దూరతావు. అద్దెలో మిగిలేది కంపెనీకి, డీఏలో పోయేది నీకు.

సీనియర్ మాటని పక్కన పెట్టేశావని అనిపించుకోకూడదు కదా, అందుకని మీ మేనేజర్‌కి చిన్న మెయిల్ రాయి. రెండు రూముల అద్దె విడివిడిగా కాకుండా అద్దె, రోజువారీ ప్రయాణం కలిపి నెల మొత్తానికి ఎంతవుతుందో రెండు వరుసల్లో పెట్టు. చాలాసార్లు కంపెనీకి కూడా దగ్గర రూమే చౌకగా తేలుతుంది, కనీసం తేడా స్వల్పంగా ఉంటుంది. అప్పుడు వాళ్లే సరే అంటారు.

ఇక తిండి. బుక్ చేసేముందు రూమ్ వాళ్లకి ఫోన్ చేసి మూడు అడుగు: అద్దెలో టిఫిన్ కలిసి ఉందా, రూమ్‌లో కెటిల్ ఇస్తారా, ఫ్రిజ్ ఉందా. టిఫిన్ కలిసి ఉంటే అది అద్దె బిల్లులోకి పోతుంది, నీ డీఏ ఒక పూట మిగిలినట్టే. అయితే మీ కంపెనీలో "టిఫిన్ ఉంటే డీఏ కోత" అనే రూల్ ఉందేమో ముందే కనుక్కో, కొన్నిచోట్ల ఉంటుంది. టిఫిన్ ఎన్నింటికి మొదలవుతుందో కూడా అడుగు. నీ షిఫ్టు ఆరింటికి, వాళ్ల టిఫిన్ ఏడున్నరకి అయితే ఏం లాభం? అలాంటప్పుడు పొద్దున్నే వెళ్లేవాళ్లకి ప్యాక్ చేసి ఇస్తారా అని అడుగు. అడిగితే చాలామంది ఇస్తారు, అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

ఫ్రిజ్ గురించి ఒక మాట, ఇది కాస్త జాగ్రత్తగా చదువు. రూముల్లో ఉండే చిన్న ఫ్రిజ్‌లు చాలావరకు డ్రింకులు చల్లబరచడానికే, ఇంట్లో ఫ్రిజ్ అంత చల్లదనం ఇవ్వవు. వండిన తిండి నిల్వ ఉండాలంటే లోపల 5 డిగ్రీల లోపు ఉండాలి. పైగా కొన్నిచోట్ల తలుపు పక్కన స్లాట్‌లో పెట్టిన రూమ్ కీ కార్డు తీయగానే రూమ్ మొత్తం కరెంటు పోతుంది, ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. నువ్వు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బయటే ఉంటావు కదా, వచ్చేసరికి లోపల వెచ్చగా ఉంటుంది. మొదటి రోజే కార్డు తీసి, ఒక నిమిషం ఆగి, ఫ్రిజ్ తెరిచి లైటు వెలుగుతోందో లేదో చూడు. వెలగకపోతే రిసెప్షన్‌లో చెప్పి ఫ్రిజ్‌కి విడిగా కరెంటు ఉండేలా అడుగు. వాళ్లు కుదరదంటే పాలు, పెరుగు, మిగిలిన కూరలు అందులో పెట్టకు. పండ్లు, పల్లీలు, బ్రెడ్ లాంటివి ఫ్రిజ్ లేకపోయినా ఉంటాయి. వండిన తిండి బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఎండ బాగా ఉన్న చోట అయితే గంటే. మిగిల్చిన అన్నం తిని ఒక్కసారి కడుపు పాడైతే, మందులకీ పోయిన రోజుకీ కలిపి అయ్యే ఖర్చు ముందు నువ్వు పొదుపు చేసింది ఏ మూలకీ రాదు.

కెటిల్‌లో నీళ్లు మాత్రమే మరిగించు. అందులో వంట చేస్తే పాడవుతుంది, డబ్బులు నీ దగ్గరే వసూలు చేస్తారు.

మధ్యాహ్నం క్లయింట్ క్యాంటీన్‌లో తిను. వెళ్లకముందే మెయిల్‌లో అడుగు: బయటివాళ్లకి భోజనం ఉంటుందా, స్టాఫ్ రేటా విజిటర్ రేటా, కూపన్ ముందు రోజే తీసుకోవాలా. ఈ ఒక్క మెయిల్ వల్ల నెల మొత్తానికి మిగిలేది నువ్వు రాత్రి భోజనం మానేస్తే మిగిలేదాని కన్నా ఎక్కువ.

సైట్_సూపర్‌వైజర్:

అక్క చెప్పినవాటిలో ఒకదానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఫ్యాక్టరీ దగ్గర రూమ్ అంటే చాలా ఊళ్లలో ఇండస్ట్రియల్ ఏరియా అని అర్థం. సాయంత్రం షిఫ్టు వదిలాక అక్కడ దుకాణాలు మూసేస్తారు. ఉన్న ఒక్క హోటల్ వాడు చెప్పిందే రేటు, పెట్టిందే తిండి. ఆదివారం అయితే అదీ ఉండదు. స్టేషన్ చుట్టుపక్కల నాలుగు రకాల భోజనం దొరుకుతుంది, పోటీ ఉంటుంది కాబట్టి ధర కూడా అందుబాటులో ఉంటుంది. నేను దూరంగా ఉండి, రోజూ స్టాఫ్ బస్సులో వెళ్లి వచ్చిన సైట్లు ఉన్నాయి, అక్కడ నాకు బాగానే మిగిలింది.

స్టాఫ్ బస్సు అన్నా కదా, తమ్ముడూ, అది తప్పకుండా అడుగు. క్లయింట్ వాళ్ల బస్సు ఊళ్లో ఎక్కడెక్కడ ఆగుతుందో కనుక్కో. నీ పేరు సెక్యూరిటీ లిస్టులో ఉండాలి, లేకపోతే డ్రైవర్ ఎక్కనివ్వడు. చేరిన రోజు కాదు, వారం ముందే పేరు పంపించమని చెప్పు. బస్సు స్టేషన్ వైపు నుంచి వస్తుంటే రెండో రూమ్ లెక్క మొత్తం మారిపోతుంది.

టూర్_ఆడిట్_అక్క:

మీరు చెప్పింది నిజమే అండి. స్టాఫ్ బస్సు ఉంటే నేనూ దూరం రూమ్ వైపే మొగ్గుతాను. తమ్ముడూ, క్లయింట్ దగ్గర స్టోర్స్‌లోనో మెయింటెనెన్స్‌లోనో ఎవరో ఒకరు నీకు కాంటాక్ట్ ఉంటారు. వాళ్లకి ఫోన్ చేసి "రాత్రి ఎనిమిదింటికి మీ గేటు దగ్గర తినడానికి ఏం దొరుకుతుంది?" అని అడుగు. ఆ జవాబు ఏ మ్యాప్‌లోనూ దొరకదు. ఏమీ దొరకదంటే నిర్ణయం మార్చుకో.

సేల్స్_రూటు:

ప్రయాణం గురించి నేను చెబుతా, నా ఉద్యోగమే రోడ్డు మీద.

దిగిన రోజు ఖర్చే ఎక్కువ. లగేజీ, కొత్త ఊరు, అలసట, ఈ మూడూ కలిస్తే స్టేషన్ గుమ్మంలో ఎవరు ఎంత అడిగితే అంత ఇచ్చేస్తాం. రైలు దిగకముందే రూమ్‌కి ఏ బస్సు వెళ్తుంది, చివరి బస్సు ఎన్నింటికి, క్యాబ్ అయితే మామూలుగా ఎంత అని రూమ్ వాళ్లనే అడిగి రాసి పెట్టుకోండి.

పాస్ కొనేముందు దాని ధరని ఒకవైపు టికెట్ ధరతో భాగించండి. వచ్చిన అంకె కన్నా మీ ప్రయాణాలు ఎక్కువైతేనే కొనండి. వారం పాస్ అంటే కొన్నిచోట్ల కొన్న రోజు నుంచి ఏడు రోజులు, కొన్నిచోట్ల సోమవారం నుంచి ఆదివారం. రెండో రకం అయితే గురువారం కొనడం దండగ. కొన్ని నగరాల్లో పాస్ అవసరమే లేదు. బస్సులో, మెట్రోలో ఒకే బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తూ ఉంటే రోజుకో వారానికో ఒక లిమిట్ దాటాక ఇక డబ్బు కట్ అవదు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం: పొద్దున కార్డు, సాయంత్రం అదే కార్డు ఉన్న ఫోన్ ట్యాప్ చేస్తే చాలాచోట్ల మెషీన్ వాటిని రెండుగా లెక్కేస్తుంది. లిమిట్ నిండటం కష్టం. ఏదో ఒకటే వాడండి.

క్యాబ్ తప్పనప్పుడు షిఫ్టు వదిలే టైమ్‌కి గేటు ముందు నిలబడి బుక్ చేయకండి. వందమంది ఒకేసారి బుక్ చేస్తారు కాబట్టి రేటు పెరుగుతుంది. ఇరవై నిమిషాలు లోపలే కూర్చుని ఆ రోజు రిపోర్టు పూర్తి చేసుకుంటే రేటూ దిగుతుంది, పనీ అవుతుంది. అయితే రాత్రి పొద్దుపోయాక, కొత్త చోట, పది రూపాయలు మిగులుతాయని చీకటి రోడ్డు మీద నడవకండి. అలాంటి రోజు క్యాబ్ ఎక్కండి, లిమిట్ దాటితే కారణం రాసి క్లెయిమ్ పెట్టండి.

కొత్త_ఇంజనీర్:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, క్యాంటీన్ గురించి క్లయింట్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాను, స్టాఫ్ బస్సు సంగతి కూడా అందులోనే అడిగాను. ఒక టెన్షన్ మాత్రం మిగిలింది. అడ్వాన్స్ రెండు వారాలకే సరిపోతుంది. తర్వాత రూమ్ అద్దె నా జీతంలోంచే కట్టాలంటే ఇంటికి ఈ నెల ఏమీ పంపలేను.

క్లెయిమ్స్_డెస్క్:

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను, టూర్ బిల్లులు నా టేబుల్ మీదికే వస్తాయి. కాబట్టి అవతలి వైపు నుంచి చెబుతాను.

అడ్వాన్స్ ఒక్కసారే ఇవ్వాలని సాధారణంగా ఉండదు. టూర్ మధ్యలో అప్పటిదాకా అయిన బిల్లులు పంపి, రెండో విడత అడగండి. వెళ్లకముందే మీ మేనేజర్‌తో "పదిహేనో రోజున బిల్లులు పంపుతాను, రెండో విడత వేయండి" అని మెయిల్‌లో ఒప్పించుకోండి. మాకు ముందే తెలిస్తే ఆ వారం చెల్లింపుల్లో కలిపేస్తాం. డబ్బు అయిపోయిన రోజు ఫోన్ చేస్తే మేం చేయగలిగింది తక్కువ. ఇంకో దారి, రూమ్ వాళ్లు నేరుగా కంపెనీకి బిల్లు పంపుతారేమో అడగండి. నెల రోజుల స్టే కదా, అప్పుడు అద్దె మీ చేతి మీదుగా పోనే పోదు.

నెల స్టే అన్నారు కాబట్టి, యాప్‌లో కనిపించే రోజు అద్దెని ముప్ఫైతో హెచ్చవేసి అదే అద్దె అనుకోకండి. రూమ్‌కి ఫోన్ చేసి నెలవారీ రేటు అడగండి, సాధారణంగా తగ్గిస్తారు. కానీ మొత్తం ముందే కట్టకండి. ట్రయల్ త్వరగా అయిపోయి మీరు ముందే బయల్దేరితే మిగిలిన రోజుల డబ్బు తిరిగి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

బిల్లుల విషయం. క్యాబ్, హోటల్ మెషీన్ల నుంచి వచ్చే మెరిసే కాగితం బిల్లులు వేడికి, ఎండకి తెల్లబడిపోతాయి. పర్సులో నెల రోజులు మడిచి పెట్టి, చివర్లో నా టేబుల్ మీద ఖాళీ కాగితాలు పరిచినవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది. ఖర్చు చేసింది నిజమే, కానీ అంకె కనిపించకుండా నేను ఎలా పాస్ చేయను? తీసుకున్న నిమిషమే ఫోటో తీయండి, తారీకు, మొత్తం, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నవి కనబడాలి. బస్సు టికెట్లు కూడా. చిన్న మొత్తాలే కదా అని వదిలేసేవాళ్లే నెలాఖరుకి ఎక్కువ నష్టపోతారు. రూమ్ బిల్లు మీద కంపెనీ పేరు, పన్ను నంబరు ఉండాలి. చెక్ అవుట్ రోజు కాదు, చేరిన రోజే ఇవ్వండి. ఒకసారి బిల్లు ప్రింట్ అయ్యాక మార్చడానికి వాళ్లు ఇష్టపడరు.

ఒక క్యాబ్‌లో ఇద్దరు వెళ్తే బిల్లు ఒక్కరే పెట్టాలి. ఇద్దరూ పెడితే మా దగ్గర దొరుకుతుంది, ఆ తర్వాత మీ ప్రతి బిల్లునీ అనుమానంగా చూస్తారు. మొదటి టూర్‌లోనే ఆ పేరు తెచ్చుకోవద్దు, బాబూ.

కొత్త_ఇంజనీర్:

క్లయింట్ దగ్గర మెయింటెనెన్స్ ఆయనతో మాట్లాడాను. స్టాఫ్ బస్సు ఉంది, కానీ అది స్టేషన్ వైపు రాదు, ఇంకో దిక్కు నుంచి వస్తుంది. గేటు దగ్గర రాత్రి తొమ్మిది వరకు ఒక మెస్ తెరిచి ఉంటుందట. బయటి నుంచి వచ్చిన కాంట్రాక్టు ఇంజనీర్లంతా నెలవారీగా అక్కడే తింటారని చెప్పారు, ఆదివారం మాత్రం సెలవు. క్యాంటీన్‌లో విజిటర్ రేటే, అయినా బయటి కన్నా తక్కువ. కూపన్ ముందు రోజు సాయంత్రం నాలుగు లోపు తీసుకోవాలి.

దగ్గర రూమ్‌కే వెళ్తున్నా. రెండు వరుసల లెక్క మేనేజర్‌కి పంపితే పది నిమిషాల్లో ఓకే అన్నారు, రెండో విడత అడ్వాన్స్‌కి కూడా ఒప్పుకున్నారు. రూమ్ వాళ్లు టిఫిన్ ఏడింటికి అన్నారు. నా షిఫ్టు ఆరింటికి కాబట్టి ప్యాక్ చేసి ఇమ్మని అడిగాను. రాత్రే చెబితే ఇస్తామన్నారు. ఆదివారాలు ఏం చేయాలన్నదే ఇంకా చూసుకోవాలి.

టూర్_ఆడిట్_అక్క:

ఆదివారానికి మెస్ వాళ్లనే అడుగు తమ్ముడూ. వాళ్లు సెలవైనా, నెలవారీ తినేవాళ్లు ఆ రోజు ఎక్కడికి వెళ్తారో వాళ్లకి తెలుసు. మెస్‌లో మొదటి మూడు రోజులు రోజువారీగా డబ్బిచ్చి తిని, నీకు పడితేనే నెలకి కట్టు.