పిల్లలు సేకరించిన పాటలో మాట మార్చాలా, ఉన్నదున్నట్టు పాడించాలా?

బడిగంట: మా ఎనిమిదో తరగతి పిల్లలు దసరా సెలవుల్లో అమ్మమ్మల దగ్గర, నానమ్మల దగ్గర పాటలు ఫోన్లో రికార్డు చేసుకొచ్చారు. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, పెళ్లిలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, అన్నీ కలిపి నలభైకి పైనే. వార్షికోత్సవంలో పాడించి యూట్యూబ్‌లో పెడదామనుకున్నాం. గొడవ అక్కడే మొదలైంది. ఒక నాట్ల పాటలో ఒక కులాన్ని చిన్నబుచ్చే మాట ఉంది. వియ్యపురాలి పాటలు రెండింట్లో పచ్చి బూతు. మాటలు మార్చి పాడించమని, పాత రికార్డింగులు తీసేయమని హెడ్మాస్టరు గారి ఆర్డరు. నాకు మనసొప్పట్లేదు. మీరేమంటారు?

ఏటిగట్టు: మార్చేయండి. ఆ కులం పిల్ల ఆ క్లాసులోనే కూర్చుని ఉంటుంది కదా! సంప్రదాయం పేరు చెప్పి ఆ మాట ఆ పిల్ల చేత చప్పట్ల మధ్య పాడిస్తామా? అయినా జానపదం ఎప్పుడు మారలేదు? ఒకే పాట మా ఊళ్లో ఒకలా ఉంటుంది, ఏరు దాటితే ఇంకోలా ఉంటుంది.

రోకలిపోటు: స్టేజి సంగతి వేరు, దాచుకునే సంగతి వేరు. రెండూ కలిపేస్తున్నారు. స్టేజి మీద ఆ మాట వద్దు, ఒప్పుకుంటా. రికార్డింగు మాత్రం ముట్టుకోవద్దు. బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో అచ్చయింది. అలాంటివాళ్లు ఊళ్లు తిరిగి పోగుచేయబట్టే ఈ మాత్రమైనా మిగిలింది. ఐతే అచ్చులో వరస వినపడదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. మీ పిల్లల ఫోన్లలో అదంతా ఉంది.

మా నానమ్మను కుర్చీలో కూర్చోబెట్టి పాడమంటే రెండు చరణాలకే ఆగిపోయింది. రోకలి చేతికిచ్చాం. పదకొండు చరణాలు! పోటు పడితేనే మాట గుర్తొచ్చేది ఆవిడకి. అందుకే పాటతో పాటు ఏ పని చేస్తూ పాడారు, ఎవరు ముందు అందుకున్నారు, ఎవరు వంత పాడారు అనేవి కూడా పిల్లల చేత రాయించండి.

ఇంకొకటి. బతుకమ్మ 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది, సంతోషమే. కానీ మా వైపు ఇప్పుడు అమ్మాయిలు స్పీకర్లో వచ్చే నాలుగు పాటలకే ఆడుతున్నారు. మా వాడకట్టుకే ఉన్న ఉయ్యాల వరస పాడేవాళ్లు ఇద్దరు మిగిలారు. దిద్దిన వీడియో ఒక్కటే పైకి వస్తే మిగతావి అలాగే పోతాయి.

ఏటిగట్టు: సరే, దాచండి. ఎవరు దాస్తారు? టీచరు గారికి ట్రాన్స్‌ఫర్ అయిన రోజున ఆ పెన్‌డ్రైవు ఏ బీరువాలో పడుంటుందో దేవుడికే తెలియాలి. అంతకన్నా పిల్లల నోట్లో నానే పాట నయం, రెండు మాటలు మారినా సరే.

లాపాయింటు: అసలు పాడిన పెద్దవాళ్లను అడిగారా? పాట ఎవరి సొత్తూ కాకపోవచ్చు, గొంతు మాత్రం ఆవిడదే. కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ కింద పాడిన మనిషికి 50 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. మనవడు ఫోన్ పెడితే పాడింది కానీ, ఊరూరా వింటారని అనుకుని ఉండదు కదా.

పెళ్లిపందిరి: ఆ బూతు పాటల గురించి ఒక మాట. మా అమ్మ పెళ్లిళ్లలో అవే పాడేది. ఏడాదంతా నోరెత్తని ఆడవాళ్లు ఆ ఒక్క రాత్రి వియ్యాలవారిని కడిగేసేవాళ్లు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మేం పిల్లలం గుమ్మంలోకొస్తే మాత్రం టక్కున ఆపేసి హారతి పాట అందుకునేది. ఎవరి ముందు ఏది పాడాలో పాడేవాళ్లకు తెలుసు. ఆ రెండూ వార్షికోత్సవానికి వద్దు, అంతే. మాటలు మార్చి పాడిస్తే వెక్కిరింత పోయి చప్పగా ఉంటుంది, మా అమ్మ వింటే నవ్వుతుంది.

బడిగంట: లాపాయింటు గారి ప్రశ్నకు సిగ్గనిపించింది, అడగలేదు. నిన్న సాయంత్రం ఆ ముగ్గురి ఇళ్లకూ వెళ్లాను. నాట్ల పాట పాడినావిడ, "ఆ చరణం వదిలెయ్ బాబూ, మీ పిల్లలకి ఇంకోటి చెప్తా" అని అక్కడికక్కడే వేరే చరణం అందుకుంది. అదీ రికార్డు చేశాను, మొదటిది తీసేయలేదు. రెండోవిడ యూట్యూబ్ వద్దంది, ఆవిడది పెట్టం. మూడోవిడ మాత్రం మొత్తం పెట్టేయమంటోంది, వాళ్ల కోడలు వద్దని గొడవ! హెడ్మాస్టరు గారు పాత రికార్డింగుల విషయంలో ఇంకా మెత్తబడలేదు. ఈలోగా నాలుగు కాపీలు తీసి నలుగురి దగ్గర పెట్టాను.