రేడియేషన్‌లో ఉన్న అమ్మ నోట్లో తెల్లటి పొర: ఇంకో యాంటీబయాటిక్ వేయొచ్చా?

గాజువాక కుర్రాడు:
మా అమ్మకి అంగిట్లో క్యాన్సర్. పెదజాలారిపేటలో పుట్టి పెరిగింది, వయసులో ఉన్నప్పట్నుంచీ అడ్డపొగే. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. ఇప్పుడు అగనంపూడిలో రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. సగం దాటింది. నోరంతా పుండ్లు, నాలుక మీద తెల్లటి పొర, గంజి కూడా దిగట్లేదు. మందుల షాపాయన అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాడు. కోర్సు అయిపోయింది, పొర ఇంకా పెరిగింది. ఇంతకంటే పవర్ ఉన్నది ఇస్తానంటున్నాడు. డాక్టర్ని కలిసేది సోమవారం. అందాకా అది వేయనా?

రిటైర్డ్ సిస్టర్:
వద్దు బాబూ. క్యాన్సర్ వార్డులో చాలా ఏళ్లు చేశాను కాబట్టి గట్టిగా చెప్తున్నా. అది క్యాండిడా అనే ఫంగస్ అయ్యుండొచ్చు. రేడియేషన్‌కి లాలాజలం ఎండిపోతుంది, పైగా యాంటీబయాటిక్ మంచి బ్యాక్టీరియాని చంపేస్తుంది. ఇక ఫంగస్‌కి అడ్డేముంది? దానికి ఫ్లూకొనజోల్ లాంటి మందు వేరే ఉంటుంది. అయితే రేడియేషన్ పుండు మీద కూడా తెల్లగా పేరుకుంటుంది, రెండిటికీ తేడా డాక్టరే చూసి చెప్పాలి. నువ్వు గీకి చూడకు, రక్తం వస్తుంది. ఉత్త పుండ్లయితే యాంటీబయాటిక్‌తో మానవు.

కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి గంటకో రెండు గంటలకో పుక్కిలించి ఉమ్మించు.

జ్వరం 100.4 ఫారన్‌హీట్ తాకిందా, అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లు. సిస్‌ప్లాటిన్‌కి తెల్లరక్తకణాలు పడిపోతాయి. అప్పుడు గంటలోపే నరానికి యాంటీబయాటిక్ ఎక్కాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. వీధి చివర క్లినిక్‌లో జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు అసలే చేయించకు. సిస్‌ప్లాటిన్‌తో పాటు అవీ కిడ్నీల మీదే పడతాయి.

మధురవాడ పద్మ:
సిస్టరమ్మ చెప్పింది నిజం. మా ఆయనకి దవడ ఆపరేషన్ అయ్యాక మెడ కుట్ల దగ్గర చీము పట్టింది. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలియడానికి చీముని కల్చర్ పరీక్షకి పంపారు, రిపోర్టు వచ్చాక మందు మార్చారు, అప్పుడు తగ్గింది. వాసన భరించలేకపోయేవాళ్లం. డాక్టరు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చాక అది కూడా పోయింది. ఆ మందు వాడినన్నాళ్లూ మందు చుక్క ముట్టొద్దన్నారు. మావారి మొహం చూడాలి అప్పుడు!

గాజువాక కుర్రాడు:
థాంక్స్ సిస్టర్, థాంక్స్ అక్కా. జ్వరం 99 ఉంది. సోమవారం దాకా ఆగను, రేపు రేడియేషన్‌కి వెళ్లినప్పుడే చూపిస్తా. అమ్మకి కింద కట్టుడు పళ్లున్నాయి, పెట్టుకోవచ్చా?

రిటైర్డ్ సిస్టర్:
తీసేయించు. వాటికీ ఫంగస్ అంటుకుంటుంది, పుండునీ రాపిడి చేస్తాయి. రేపు వాటిని కూడా తీసుకెళ్లి చూపించు, ఎలా కడగాలో చెప్తారు. జ్వరం రాత్రి ఇంకోసారి చూడు.