బ్యాక్ బటన్ ఫోకస్: పెళ్ళి ఫోటోలకు మేలా, చేటా?

చిత్తూరు కొత్త కెమెరా:
అన్నలకు నమస్తే. మా పిన్ని కూతురి పెళ్ళికి వారం ముందు ఒక సీనియర్ మాట విని, షట్టర్ బటన్ నుంచి ఆటోఫోకస్ తీసేసి వెనకున్న ఏఎఫ్ ఆన్ బటన్‌కు ఇచ్చాను. తిరుచానూరు మండపంలో జీలకర్ర బెల్లం దాకా బాగానే వచ్చాయి. తలంబ్రాల దగ్గర టెన్షన్‌లో బొటనవేలితో ఆ బటన్ నొక్కే సంగతే మరిచిపోయి షట్టర్ ఒక్కటే నొక్కుకుంటూ పోయాను. మా చెల్లెలు పకపకా నవ్విన ఫోటోలన్నీ మసక. ఆ నవ్వు మళ్ళీ రాదు కదా. కొత్తవాళ్ళకు ఈ పద్ధతి చెప్పడమే తప్పనిపిస్తోంది. మీరేమంటారు?

తిరుపతి స్టూడియో:
చదువుతుంటే బాధేసింది తమ్ముడూ. కానీ తప్పు పద్ధతిది కాదు, వారం అలవాటుతో ముహూర్తానికి దిగడం. ఇది నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు. కెనాన్ 1989లో ఈఓఎస్ 630లోనే ఈ వీలు ఇచ్చింది. ఫోకస్ ఒక పని, ఫోటో తీయడం ఇంకో పని. రెండూ ఒకే వేలి మీద పెడితే ఒకటి చేయబోయి రెండోది చెడుతుంది.

మంగళసూత్రం కట్టేటప్పుడు చూడు. నాలుగు వైపుల నుంచీ అక్షతలు, అడ్డంగా చేతులు. షట్టర్ సగం నొక్కిన ప్రతిసారీ కెమెరా మళ్ళీ వెతుకుతుంది, దగ్గరున్న మేనమామ చెయ్యి దానికి దొరుకుతుంది. వెనక బటన్ అయితే పెళ్ళికొడుకు వేళ్ళ మీద ఫోకస్ పట్టి బొటనవేలు తీసేస్తాను. ఎన్ని చేతులు అడ్డం వచ్చినా అది కదలదు.

ఒక్క మాట చెప్పు. నువ్వు పెట్టింది సర్వోనా (కదిలేదాన్ని వెంబడిస్తూ ఫోకస్ మార్చుకునేది), వన్ షాటా (ఒకసారి ఫోకస్ పట్టి ఆగిపోయేది)?

నేలపట్టు పక్షులు:
పెళ్ళిళ్ళ సంగతి నాకు తెలీదు. సూళ్ళూరుపేట పక్కన నేలపట్టులో గూడబాతులు తీసేవాణ్ణి. గూట్లో ఉన్న పక్షికి బొటనవేలు తీసేస్తాను, లేచిన పక్షికి నొక్కి పట్టుకుంటాను. మెనూలోకి పోయే పనే లేదు. మెనూ తెరిచేలోగా పక్షి చెరువు దాటిపోతుంది!

పలమనేరు మిర్రర్‌లెస్:
స్టూడియో అన్నా, ఇక్కడ మాత్రం మీ మాట ఒప్పుకోలేను. ఫోకస్ పట్టి, వేలు తీసి, ఫ్రేమ్ జరుపుకోవడం డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) నాటి అలవాటు. అప్పట్లో ఫోకస్ పాయింట్లు మధ్యలోనే గుమిగూడి ఉండేవి. 85 మి.మీ. లెన్సు, ఎఫ్ 1.8 (అంటే లెన్సు రంధ్రం బాగా తెరిచి), రెండు మీటర్ల దూరం అనుకోండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 6 సెంటీమీటర్లే, ముందు మూడు, వెనక మూడు. కంటి మీద ఫోకస్ పట్టి కెమెరాను 10 డిగ్రీలు తిప్పితే చాలు, ఫోకస్ 3 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. హద్దు అక్కడికే అయిపోయింది. ఆపైన పెళ్ళికూతురు కాస్త ఊగితే కన్ను మసక, చెవి కమ్మ షార్ప్.

ఇప్పటి మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరా కంటిని పట్టుకుని ఫ్రేమ్ అంచుల దాకా వెంబడిస్తుంది. షట్టర్ సగం నొక్కి ఉంచితే సరి. రెండో వేలికి పని ఎందుకు?

చిత్తూరు కొత్త కెమెరా:
చూశానన్నా, వన్ షాట్‌లోనే ఉంది. నాది పాత డీఎస్ఎల్ఆర్.

తిరుపతి స్టూడియో:
అయితే నువ్వు బటన్ నొక్కి పట్టుకున్నా కెమెరా వెంట వచ్చేది కాదు. తలంబ్రాలకు సర్వో ఉండాల్సిందే. ఇంకోటి, షట్టర్‌తో ఫోకస్ చేసే వన్ షాట్‌లో ఫోకస్ దొరక్కపోతే చాలా కెమెరాలు క్లిక్ కావు, అదొక కాపలా. వెనక బటన్‌కు మార్చితే మసకగా ఉన్నా క్లిక్ అయిపోతుంది. నీకు ఆ సంగతి చెప్పకుండా సెట్టింగు ఒక్కటే నేర్పడం ఆ సీనియర్ చేసిన పొరపాటు.

పలమనేరు తమ్ముడూ, నీ లెక్క ఖాయం. ఎఫ్ 1.8లో ఫ్రేమ్ జరపడం నేనూ మానేశాను, పాయింటునే జరుపుతాను. అయితే తలంబ్రాల బియ్యం ముఖాన్ని కప్పేస్తే నీ కెమెరాకు కన్ను ఎక్కడ దొరుకుతుంది? అప్పుడే నాకు బొటనవేలు కావాలి.

పలమనేరు మిర్రర్‌లెస్:
నిజమే, అక్కడ నాకూ కొన్ని పోయాయి. అయినా కొత్తవాళ్ళు షట్టర్‌తోనే మొదలుపెట్టాలనే అంటాను.

చిత్తూరు కొత్త కెమెరా:
వచ్చే నెల ఇంకో పెళ్ళి ఉంది. మధ్యలో కెమెరా మా తమ్ముడి చేతికిస్తే వాడికి ఇవేవీ తెలీవు. ఏం చేయాలి?

తిరుపతి స్టూడియో:
నీ కెమెరా డయల్ మీద సీ1 (మన సెట్టింగులు దాచుకునే చోటు) ఉంటే పాత షట్టర్ ఫోకస్ అందులో దాచిపెట్టు. వాడికిచ్చేటప్పుడు డయల్ సీ1కి తిప్పి ఇవ్వు. నువ్వు మాత్రం రోజూ సాయంత్రం అరగంట బస్టాండు ముందు నిలబడి, వచ్చే పోయే బస్సుల మీద బొటనవేలికి అలవాటు చెయ్యి. పెళ్ళి నాటికి కుదరలేదనిపిస్తే నువ్వూ సీ1లోనే తియ్యి.